ఆయప్పకు సూసి సెప్తానన్న పులి

“కిటికీ పక్క సీటే సెప్పినావు కదా?”

“సెప్పినా. ముందర ఆ తలగుడ్డ సెవులకు సుట్టుకో, మంచు పడతాంది.”

“పులి జింకను తరిమేది ఒక్కసారి కండ్లారా సూడాల మే. ఆ యాళకు నేను కునుకు తీస్తే, నువ్వు సూసి ఉన్నదున్నట్టు సెప్పాల.”

“సెప్తాలే, పో.”

ఇంతే. నేనూ మా ఆయప్పా, అంటే నా మొగుడు, మాట్లాడుకున్న కడపటి మాటలు ఇవే. ఆయప్ప శనగసేనికి కాపలా పోయినాడు. పొద్దున నేను సద్ది ఎత్తుకోని పోతే మంచె మీద పండుకోని ఉన్నాడు. లేపితే లేయల్యా. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఏడ్సేదంతా అప్పుడే ఏడ్సినా. ఇప్పుడు రాయిస్తాండేది దాని గురించి కాదు, పులి గురించి.

మా పక్క తెలియనోళ్ళకు ఒక మాట సెప్పాల. ఆదోని నుంచి హొళగుంద దంకా నల్లరేగడి సేండ్లు. ఆ సేండ్లల్లో జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. మొలక పైకి వస్తే సాలు, తెల్లారేతలికి సాళ్ళకు సాళ్ళు నున్నగా మేసి పోతాయి. కొట్టకూడదు, పట్టకూడదు, కేసయితాది. అరిసి తరుముకోవడమే. పెండ్లయినప్పట్నుంచి మేమిద్దరం అరుస్తానే ఉన్నాము. నా గొంతు ఇట్ల గరగర అనేది దానికే, పుట్టుకతో వచ్చింది కాదు. “ఈడ పులి లేదు కాబట్టే వీటికి ఇంత మదం” అనేటోడు ఆయప్ప. ఆదోనిలో టూరు బస్సోళ్ళు మైసూరు, ఆ పక్కన బందీపురం అడవి సూపిస్తామంటే ఎగిరి గంతేసినాడు. ఉరుకుంద ఈరన్న తిరనాళ తప్ప యాడికీ పోని మనిషి, పులి కోసరం నాతో రెండు సీట్లు సెప్పిచ్చినాడు.

ఆయప్ప పోయినాక మా ఇంట్లోవాళ్ళందరూ సీట్లు వద్దని సెప్పమన్నారు. మొగుడు పోయి సంవత్సరం కూడా తిరగల్యా, టూరేందన్నారు. మాట ఇచ్చింది నేను, వాళ్ళు కాదు. పోతానన్నా. సీటు ఖాళీగా పెట్టుకోని దాని పక్క సూసి ఏడ్సేదానికి నాకు ఓపిక లేదు. మా తమ్ముని కూతుర్ని కూసోబెట్టుకున్నా. ఇది రాస్తాండేది ఆ పాపే.

మైసూరు దంకా ఏమీ తక్కువ కాలేదు. వంటాయప్పను బస్సులోనే తెచ్చుకుంటిమి, పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ. అడవికాడ దిగి ఆ అడవి ఆఫీసోళ్ళ బస్సు ఎక్కాల. కిటికీలకు ఇనపజాలీ ఉంది, పైన ఇంత సందు. నేను అందరికంటే ముందర ఎక్కి డ్రైవరు ఎనక సీట్లో కూసున్నా. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒకామె నా పక్కకొచ్చి మెల్లగా అనింది.

“అక్కా, ఏమనుకోవద్దు. నువ్వు ఎనక కూసో. ముందర నువ్వుంటే పులి కనపడతాదా?”

“పులికి నా బొట్టుతో ఏం పని తల్లీ? అది సూసేది కండను. ఆ లెక్కన నిన్నే ముందర కూసోబెట్టాల.”

బస్సంతా నగినారు. ఆమె కూడా నగింది, పాపం. నేను మాత్రం సీటు ఇడవల్యా.

లోపలికి పోయినాము. నెమళ్ళు కనపడినాయి. మా సేండ్లల్లోనూ ఉన్నాయవి. ఏనుగు కనపడితే అందరూ కూసున్నోళ్ళు కూసున్నట్టే సేతులు మొక్కినారు. ఇంగ కొంచెం దూరం పోతానే డ్రైవరు బస్సు ఆపి, పులి ఈ పక్కనే తిరుగుతాంది, గమ్మున ఉండండి అని సైగ సేసినాడు. ముందర పచ్చగడ్డిలో జింకలు. మచ్చల జింకలు, మా నల్లజింకలు కాదు. తలలు వంచుకోని మేస్తాండాయి. సుట్టూ ఫోన్లు లేసినాయి.

నాకు గడ్డి కనపడల్యా. మొలకెత్తిన శనగసేను కనపడింది. ఎప్పుడు లేసి నిలబడితినో తెలీదు. “హోయ్, హోయ్, హా!” అని కడుపులో నుంచి అరిసినా. కొంగు ఆ సందులో నుంచి ఇసిరినా. జింకలన్నీ ఒక్క దూకు దూకినాయి. సెట్ల మీద పిట్టలు గూడా లేసిపోయినాయి.

డ్రైవరు ఎనక్కి తిరిగి, “సుమ్నె కూత్కొళ్ళమ్మా, ఇదు నిమ్మ హొల అల్ల” అన్నాడు. గమ్మున కూసో, ఇది మీ సేను కాదు అని. నా పుట్టినిల్లు హొళగుంద, కన్నడ నాకు తెలియందేమీ కాదు. అలవాటప్పా, ఊర్లో మాకు ఇదే పని అని కన్నడంలోనే సెప్పినా. డ్రైవరు కోపమంతా దిగిపోయింది. వాళ్ళ ఊర్లో అడవిపందులకు ఇట్లే అరుస్తారంట.

“నేను ముందే సెప్పినా,” అనింది ఎమ్మిగనూరామె.

“తప్పు బొట్టుది కాదు తల్లీ, గొంతుది,” అన్నా.

పులి రాల్యా. తిరిగొచ్చేటప్పుడు తడిమట్టిలో దాని అడుగు సూపించినాడు డ్రైవరు. అడుగు కంటే ఎక్కువ ఏమీ సూడల్యా మేము.

అయితే మా బస్సు మైసూరు దాటక ముందే ఎమ్మిగనూరామె ఇంటికి ఫోన్ సేసి, పులి ఇంత దగ్గర నిలబడిందని సెప్పింది. మిగిలినోళ్ళూ అదే అందుకున్నారు. ఆదోని వచ్చేతలికి ఆ పులి గాండ్రించింది గూడా. మా పాప గూడా కాలేజీలో అదే సెప్పిందంట.

ఇప్పుడు గూడా పెన్ను ఆపి అడుగుతాంది.

“అత్తా, పులి వచ్చి జింకను తరిమిందని రాస్తా. సంవత్సరీకం నాడు మామ పటం ముందర సదివేది ఇది. మామ సంతోషపడతాడు.”

“మీ మామ ఉన్నదున్నట్టు సెప్పమన్నాడు. నేను సెప్పేది రాయి.”

ఏమయ్యా, పులి రాల్యా. జింకలు పరిగెత్తేది మాత్రం కండ్లారా సూసినా. తరిమింది నేనే. పులి వచ్చినా అంతకంటే జోరుగా పరిగెత్తవు అవి. మల్లా ఒక తూరి పోతా, అప్పుడు కొంగు నోట్లో కుక్కుకోని కూసుంటా. పులిని సూస్తే సూసినా అని సెప్తా.

ఇంగ సాలు పాపా. మొదట్నుంచి సదువు, ఇంటా. నేను సెప్పని పులి దీంట్లో యాడన్నా దూరిందేమో సూడాల. గబగబ పోవద్దు, మెల్లగా సదువు.