దెబ్బల కేసు, ప్రాణం కేసు

ఉదయం అయిదూ నలభైకి మా ఊళ్లో త్రీఫేజ్ కరెంటు వచ్చింది. మా ఆయన లేచి, మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు మోటారు వేసి వస్తానని సైకిల్ తీసుకుని పోయాడు. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు పోవడం మాకు మామూలే. ఆ రోజు ఆయన తోట చేరలేదు. అనంతపురం మార్కెట్టులో టమాటా దించి తిరిగొస్తున్న వ్యాను వెనక నుంచి తగిలింది.

నేను పోయేసరికి రోడ్డు పక్కన వెల్లకిలా ఉన్నాడు. రక్తం పెద్దగా లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"కాళ్లు నావి కానట్టుండాయి," అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. అప్పటి నుంచి చాలా విషయాలకు రాలేదు.

అనంతపురంలో ఎమ్మారై తీశారు. మెడ దగ్గర స్పైనల్ కార్డ్ నలిగిందన్నారు. క్వాడ్రిప్లీజియా, అంటే కాళ్లూ చేతులూ పడిపోవడం, అనే మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. బెంగళూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు దాచకుండా చెప్పాడు. "ఈ ఆపరేషన్ మెడను నిలబెట్టడానికేనమ్మా. కాళ్లూ చేతులూ తిరిగొస్తాయని నేను చెప్పలేను." ఆ ఖర్చుకు తోట తాకట్టులోకి పోయింది.

అనంతపురంలో ఉన్నప్పుడే కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ రాసుకున్నాడు. నిర్లక్ష్యంగా బండి నడిపి తీవ్రంగా గాయపరిచినట్టు కేసు కట్టారు. డ్రైవరు పేరు మస్తాన్. పక్క ఊరే, ఇద్దరు పిల్లల తండ్రి. నిద్ర ముంచుకొచ్చిందని స్టేషన్‌లో ఒప్పుకున్నాడట. స్టేషన్ బెయిలు మీద బయటికొచ్చాడు.

మెడకు కాలరు పట్టీతో ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, లేకపోతే ఒకేచోట ఒత్తుకుని పుండు, బెడ్ సోర్, పడుతుందని నర్సు నేర్పించి పంపింది. ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు భుజాల కింద దుప్పటి పట్టుకోవాలి, ఒకరు కాళ్ల వైపు. తోడుగా వచ్చి ఉన్న మా అమ్మాయి తాడిపత్రిలో అత్తగారింటికి తిరిగి వెళ్లిపోయాక పక్కింటామె వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె లేదు. నేను ఒక్కదాన్నే దుప్పటి లాగుతుంటే మస్తాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏమీ అడక్కుండా లోపలికొచ్చి కాళ్ల వైపు పట్టుకున్నాడు.

మా ఆయన అతని ముఖం చూశాడు. "ఏమప్పా, బండి బయటే పెట్టి వచ్చినావా?"

మస్తాన్ నవ్వబోయి, నవ్వలేక తల వంచుకున్నాడు. మరుసటి రోజు నుంచి మార్కెట్టు పని ముగించుకుని రోజూ వచ్చేవాడు. మూత్రం పోయే కాథెటర్ సంచి మార్చడం కూడా నేర్చుకున్నాడు. మా ఆయన అతన్ని ఊరికే వదిలేవాడు కాదు. లైసెన్సు యాడ కొన్నావని, నిద్రపోతాండావా తిప్పుతాండావా అని అడిగేవాడు. అవి విని మస్తాన్ తేలికపడేవాడు.

ఊళ్లో మాటలు వేరుగా ఉండేవి. ఎవని మీద కేసు పెట్టినారో వాని చేతనే చాకిరీ చేయించుకుంటాండారని ఒకామె నాకు వినబడేలా అంది. నష్టపరిహారానికి క్లెయిమ్ వేస్తే మస్తాన్ జైలుకు పోతాడని మరికొందరన్నారు. నేనూ అలాగే అనుకుని అనంతపురంలో ఒక లాయరును అడిగాను. రెండూ వేరు అన్నాడాయన. పోలీసు కేసు ప్రభుత్వానికీ డ్రైవరుకూ మధ్య. నష్టపరిహారం ట్రిబ్యునల్ తేలుస్తుంది. అందులో అవతల ఉండేది బండి యజమాని, డ్రైవరు, ఇన్సూరెన్స్ కంపెనీ. బండికి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి కట్టాల్సింది కంపెనీ. మస్తాన్ మీద కేసు కొట్టేసినా మా క్లెయిమ్ దానంతట అది పోదు. దెబ్బల వరకైతే కోర్టు అనుమతితో రాజీకి దారి ఉంటుందని కూడా చెప్పాడు. నాకు ఆ రాజీ ఇష్టమే. క్లెయిమ్ వేశాం.

నాలుగో నెలలో ఆయన కుడి భుజం కొంచెం కదిలింది. ఫిజియోథెరపీ అతను మంచి గుర్తు అన్నాడు. అదే నెలలో నడుము కింద పుండు పడింది. మేమంతా తిప్పుతూనే ఉన్నాం, అయినా పడింది. లోతుగా పోయింది. జ్వరం వచ్చి మళ్లీ ఆసుపత్రిలో చేర్చాం.

"ఇది ఉత్త జ్వరం కాదమ్మా, సెప్సిస్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్. ఆ పుండు నుంచి వచ్చింది. మెడ దెబ్బ లేకుంటే ఆ పుండే లేదు," అన్నాడు డాక్టరు.

యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. ఇంటికి పంపారు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం మస్తానూ నేనూ పక్కకు తిప్పుతుండగా ఆయన ఊపిరి ఆగిపోయింది.

మా మరిది వచ్చాడు. పొద్దు గుంకే లోపల తోటలో పూడ్చిపెడదామన్నాడు. నేను లాయరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. తొందరపడొద్దని, ముందు స్టేషన్‌కు చెప్పమని ఆయన అన్నాడు. పోస్టుమార్టం లేకపోతే మనిషి మామూలు జ్వరంతో పోయాడని కంపెనీ వాదిస్తుంది; పరిహారం రాకపోతే తాకట్టులో ఉన్న తోట విడిపించుకోవడం కష్టం. స్టేషన్‌కు చెబితే దెబ్బల కేసు ప్రాణం తీసిన కేసుగా మారుతుంది. ఇక రాజీ ఉండదు.

"ఇన్నాళ్లు నరకం చూసినాడు, మళ్లా కోయిస్తావా వదినా?" అన్నాడు మరిది.

మస్తాన్ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. "అక్కా, ప్రాణం కేసైతే నా బతుకు పోతాది. పిల్లోళ్లుండారు," అన్నాడు.

నాకూ తోట తప్ప మరో బతుకు లేదు. స్టేషన్‌కు ఫోన్ చేశాను. పోలీసులు వచ్చి పంచనామా రాశాక ఆయన్ను బండి ఎక్కించాల్సి వచ్చింది. కాళ్ల వైపు మస్తానే పట్టుకున్నాడు.

మెడ దెబ్బ వల్ల వచ్చిన సెప్సిస్‌తోనే చనిపోయాడని రిపోర్టు వచ్చింది. సెక్షన్ మార్చారు. క్లెయిమ్ ఇంకా నడుస్తోంది. తోటకు నీళ్లు మరిది పెడుతున్నాడు. నేను రెండు పూటలా వండుకుంటున్నాను, దొరికింది చదువుకుంటున్నాను. నిద్ర పడుతోంది.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. ప్రమాదంలో దెబ్బ తిన్న మనిషి ఎన్ని నెలల తర్వాత పోయినా, ఇంట్లో పోయినా, అంత్యక్రియలకు ముందు స్టేషన్‌కు చెప్పండి. ఆ తర్వాత చెబితే రుజువు చేయడం కష్టం. చెబితే అవతలి మనిషికి ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి.

పోలీసు కేసులో నేను సాక్షిని. సాక్ష్యం అయ్యేదాకా ముద్దాయితో మాట్లాడొద్దని లాయరు చెప్పాడు. వాయిదా రోజు కోర్టు వరండాలో మస్తాన్, నేను ఎదురుబదురు బెంచీల మీద కూర్చుంటాం. అతను నన్ను అక్కా అని పిలవడం లేదు.