దేశాల కనకమ్మ

పెంటపాడు పక్కనున్న ఆ పేట చర్చిలో శుక్రవారం సాయంత్రం ఉపవాస కూడికకు పాతికమంది దాకా ఆడవాళ్లు వస్తారు. పాటలయ్యాక పాస్టరమ్మ హెప్సిబాగారు ప్రార్థన విషయాలు పంచుతారు. ఒకరికి రోగులు, ఒకరికి పరీక్షలు రాసే పిల్లలు, ఒకరికి తాగుడు మానని మొగుళ్లు. ఎవరి విషయం వాళ్లు లేచి పైకి ప్రార్థించాలి, మిగతావాళ్లు ఆమెన్ అనాలి. ఏళ్ల తరబడి దేశాలు కనకమ్మవి.

మొదట్లో అది ఎవరూ కోరుకున్న వంతు కాదు. ఆ పేర్లకు నోరు తిరగదని అందరూ తప్పుకునేవారు. కనకమ్మ తప్పుకోలేదు. భర్త పేతురుతో కలిసి ఎకరన్నర కౌలు చేస్తుంది, ఖాళీ రోజుల్లో కూలికి పోతుంది. టీవీ వార్తల్లో ఏ దేశం మీద తుఫాను పడిందో విని, ఆ పేరు నోట్లో నానబెట్టుకుని శుక్రవారం దాకా మోసుకొచ్చేది. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను ఆస్ట్రేలియా మీదికి వస్తే, "ప్రభువా, ఆ ఆల్ఫ్రెడ్‌ను నెమ్మదిపరచు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సంఘంలో ఆ పేరుగల పెద్దాయన ఒకరున్నారు కాబట్టి వెనక వరసలో నవ్వారు. కనకమ్మ నవ్వలేదు. పేటలో ఆమెను దేశాల కనకమ్మ అంటారు. కూలికెళ్లిన చోట గట్టు మీద నిలబడిన ఆసామి "ఏయ్, నువ్వే" అని కేకేస్తే తల తిప్పే మనిషికి ఆ పేరు చిన్నది కాదు.

ఆ జూన్‌లో జ్యోత్స్న వచ్చింది. ఏలూరు పిల్ల. పేటలోని ఏసుబాబును చేసుకుని కాపురానికొచ్చి, తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో టీచరుగా చేరింది. సెప్టెంబరులో రగాస తుఫాను చైనా వైపు కొట్టినప్పుడు కనకమ్మ హాంకాంగ్ కోసం ప్రార్థించి కూర్చుంది. కూర్చోగానే జ్యోత్స్న లేచింది.

"తైవాన్‌ను కూడా జ్ఞాపకం చేసుకో తండ్రీ. అక్కడ కొండల్లో చెరువు పొంగి ఊరి మీద పడింది."

ఆమెన్ గట్టిగా వచ్చింది. కూడికయ్యాక జ్యోత్స్న ఫోన్‌లో సుడి తిరుగుతున్న మేఘాన్ని చూపిస్తుంటే అందరూ దాని చుట్టూ మూగారు. తరవాతి శుక్రవారం హెప్సిబాగారు మెత్తగా అన్నారు.

"కనకమ్మగారూ, మీకు మోకాళ్ల నెప్పులు కదండీ, ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారు. దేశాలు జ్యోత్స్నకిద్దామండి. మీరు రోగుల్ని చూద్దురు గాని."

"అలాగేనండి" అంది కనకమ్మ.

ఇంటికొచ్చే దారంతా తోటికోడలు సువర్ణతో అదే మాట. "దానికి భక్తెక్కడిదే? ఫోనుంది, అంతే."

"ఫోను నీకూ ఉందిగా అక్కా."

"నాది మోగుద్ది. దానిది చూపిస్తది."

అప్పట్నుంచి జ్యోత్స్న ఏం చేసినా కనకమ్మకు గుచ్చుకునేది. నిలబడితే పొడుగు గుచ్చుకునేది, కళ్లు మూసుకుంటే రెప్పలు గుచ్చుకునేవి. షుగరు ఉన్నవాళ్ల కోసం, కాళ్లవాపుల కోసం కనకమ్మ రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి, జ్యోత్స్న ఏ దేశం మరిచిపోతుందా అని చెవులు రిక్కించి కూర్చునేది. ఆ పిల్ల మరిచిపోయేది కాదు.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను మన వైపే బయల్దేరింది. వరిచేను గింజ గట్టిపడే వేళ. సోమవారం ప్రత్యేక కూడిక పెట్టారు. చర్చి నిండిపోయింది. జ్యోత్స్న లేచి, "తండ్రీ, దీన్ని సముద్రంలోనే అణిచెయ్యి" అని గొంతు పగిలేలా అడిగింది. అందరూ ఆమెన్ అన్నారు. కనకమ్మ అనలేదు.

తుఫాను అణిగిపోతే ఆ పిల్ల ప్రార్థన వల్లే అణిగిందంటారు. ఆ మాట ఒకసారి పేటలో పడిందంటే దేశాలు ఇక తనకు తిరిగి రావు. తన ఎకరన్నర కూడా ఆ గాలి దారిలోనే ఉందని కనకమ్మకు తెలుసు. తెలిసీ పెదవులు విడలేదు.

మంగళవారం రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటింది. బుధవారం పొద్దున్నకి చేను చాపలా పడుకుని ఉంది. పేతురు, కనకమ్మ, సువర్ణ మోకాటి నీళ్లలో దిగి, పడిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి లేపి కడుతున్నారు. పేతురు దూరంగా జరిగాక సువర్ణ అంది:

"నువ్వు ఆమెన్ అనలేదక్కా. నేను చూశాను."

"గొంతు పట్టేసిందే."

"మరి పాటకి పట్టెయ్యలేదేం?"

కనకమ్మ వంచిన నడుం ఎత్తలేదు. "నా ఒక్కదాని ఆమెన్‌తో ఆగే గాలా అది? నువ్వు కట్టు."

శుక్రవారం కూడికకు అందరూ బురద కాళ్లతోనే వచ్చారు. జ్యోత్స్న కళ్లు ఉబ్బి ఉన్నాయి. విషయాలు పంచకముందే లేచింది.

"అమ్మగారూ, దేశాలు కనకమ్మగారికే ఇచ్చెయ్యండి. నేనడిగితే దేవుడు వినలేదు. ఆవిడ పెద్దావిడండీ."

కనకమ్మ కోరుకున్నది అదే. కానీ లాక్కోవాలనుకున్నది చేతిలో పెడితే ఎలా పట్టుకోవాలో తోచలేదు. మోకాళ్ల మీద చెయ్యేసి లేచింది.

"ఈ వారం ఏ దేశం?" అని హెప్సిబాగారిని అడిగింది. మూడు రోజులుగా కరెంటు లేదు, వార్తలు చూడలేదు.

జ్యోత్స్నే చెప్పింది. "జమైకా అండీ. మనకొచ్చిన రోజే వాళ్లకీ వచ్చింది. మెలిస్సా అని, మనదానికన్నా చాలా పెద్దది."

"వరి వేస్తారా అక్కడ?"

"అరటి తోటలెక్కువనుకుంటానండి."

కనకమ్మ ప్రార్థించింది. జమైకాలో పడిపోయిన అరటి చెట్ల గురించి, వాటిని లేపి కట్టడానికి వీలుండదని, వాళ్లు మళ్లీ పిలకల దగ్గర్నుంచి మొదలుపెట్టాలని. రెప్పలు తడిశాయి. ఇంత మంచి ప్రార్థన ఎన్నడూ చేయలేదని ఆమెకే తెలిసింది. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ముందు వరస ఖాళీగా ఉంది. మధ్యలో ఎప్పుడో జ్యోత్స్న వెక్కి వెక్కి ఏడ్చిందట. ఆడవాళ్లంతా దాని చుట్టూ చేరి వీపు నిమురుతున్నారు. "ఈ వయసుకే ఎంత తగ్గింపు మనసమ్మా నీకు" అంటున్నారు హెప్సిబాగారు.

కాలవగట్టు మీద సువర్ణ ఊరుకోలేదు. "దేశాలు నీకొచ్చేశాయిగా అక్కా, ఇంకా ఆ మొహం ఏంటి?"

"వచ్చాయి. అందరూ దాని కన్నీళ్లు తుడుస్తుంటే నా ప్రార్థన విన్నదెవరే?"

"దేవుడు వినుంటాడుగా."

"ఆయనొక్కడూ వింటే ఏం లాభమే" అని కనకమ్మ చేలోకి దిగింది.