తిరగేసి కట్టిన పదిహేడో సంపుటం

మా ముగ్గురికీ ఇళ్ళల్లో పెట్టిన పేర్లున్నాయి. వాడం. జపాను బొమ్మల కథల అభిమానుల గ్రూపు ఒకటి ఫోన్లో ఉంది. అందులో ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు నడిబజారులో గట్టిగా పిలవడానికి పనికొచ్చేవి కావు. అందుకని ఊళ్ళ పేర్లతో సరిపెట్టుకున్నాం. నేను తెనాలి. మందుల షాపు నడిపే మిత్రుడు బాపట్ల. ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పే ఆవిడ రేపల్లె. తెనాలి జంక్షన్ కాబట్టి అక్కడి ప్లాట్‌ఫారం బెంచీ మీద నెలకో ఆదివారం కలుస్తాం. ముగ్గురం మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చున్నవాళ్ళు రైలు అనౌన్స్‌మెంటు అనుకుని సామాన్లు సర్దుకున్న సందర్భాలున్నాయి.

జపాను వాళ్ళు బొమ్మల్లో గీసి అచ్చువేసే కథల్ని మాంగా అంటారు. అవే తెరమీద కదిలితే యానిమే. ఈ తేడా మా ఆఫీసులో నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఇప్పటికీ మా సూపరింటెండెంటుగారు వేసవి రాగానే, "ఏంటండీ, ఈ ఏడు మీ మాంగా కాపు బాగుందా?" అంటారు. ఆయన హాస్యానికి అంటున్నారో నిజంగా అడుగుతున్నారో తేల్చుకోలేక "పర్వాలేదండి" అంటున్నాను.

ఈ పుస్తకాలు కుడినుంచి ఎడమకి చదవాలి. మనకి వెనక అట్ట ఏదో వీటికి అది ముందు అట్ట. ఒకసారి రేపల్లె ప్యాసింజర్లో చదువుకుంటూ వెళ్తుంటే వేమూరులో ఎక్కిన ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చుని కాసేపు గమనించాడు.

"ఏం బాబూ, చివర్నుంచి చదువుతున్నావు? ఎవరు పోతారో ముందే చూసుకుంటున్నావా?"

"లేదండి, ఇది వెనకనుంచే మొదలవుద్దండి."

"మరి మొదట్లో ఏముంటది?"

"చివరండి."

భట్టిప్రోలులో దిగాల్సిన మనిషి చాలా ముందుగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

రేపల్లె ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైన సిరీస్ ఒకటుంది. దీవుల మధ్య పడవలో తిరుగుతూ ఉత్తరాలు పంచే ఒక పోస్ట్‌మాన్ కథ. ఇరవై రెండు సంపుటాలు. పేరు చెప్పను. సరిగ్గా పలకగలిగినవాళ్ళు మా గ్రూపులోనే లేరు. ఆ పోస్ట్‌మాన్ సంచిలో అడ్రసు చెరిగిపోయిన ఉత్తరం ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక పదహారు సంపుటాలు మోస్తాడు. ఇంగ్లీషులో ఆ పుస్తకాలు వేసినవాళ్ళు ఒక్కసారి వేసి ఊరుకున్నారు. ఆవిడ దగ్గర ఇరవై ఒకటి ఉన్నాయి. లేనిది పదిహేడు. పదహారు ముగించి అయిదేళ్ళయింది. పద్దెనిమిదినుంచి చివరిదాకా బీరువాలో చీరల పక్కన, కలరా ఉండల మధ్య, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉన్నాయి.

"మధ్యలో ఒక్కటే కదండీ, దాటేసి చదువుకోవచ్చు కదా" అని ఒకసారి అన్నాను.

"మూడో చాప్టరు చెప్పకుండా నాలుగోది మొదలుపెడితే మా పిల్లలే ఊరుకోరు అన్నయ్యగారూ."

"పోనీ ఫోన్లో స్కాన్ చేసినవి దొరుకుతాయి కదా?"

"ఫోన్లో పెళ్ళి చూసినట్టుంటది. అక్షింతలు ఎటు వెయ్యాలో తెలీదు."

ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు. పదిహేడులో ఏం జరిగిందో ఎవరూ ఎత్తకూడదన్నది మా గ్రూపులో ఉన్న ఏకైక నియమం. మిగతా విషయాల్లో మనుషులు ఒకరినొకరు ఏమైనా అనుకోవచ్చు, అనుకుంటారు కూడా.

మొన్న వేసవిలో ఒకరోజు బాపట్ల ఫోన్ చేశాడు.

"మావా, కూర్చుని ఉన్నావా?"

"ఆఫీసులో ఉన్నాను."

"అంటే కూర్చునే ఉన్నావు. పదిహేడు దొరికింది."

కర్లపాలెంలో పనిచేసిన ఒక బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె మందుల షాపులో వదిలేశాడట. పనికొస్తే ఉంచుకోమని, లేకపోతే టానిక్ సీసాలు చుట్టుకోమని చెప్పాడట. పెట్టె అడుగున పదిహేడు. బాపట్ల ఆ సంగతి ఆదివారం దాకా దాచి ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. పావుగంట దాచగలిగాడు. ఆవిడనుంచి వచ్చిన జవాబు ఒక్కటే ముక్క: "ఆదివారం ఎన్నింటికి?"

మంగళవారం అతను పొన్నూరు మీదుగా బస్సులో వచ్చి పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఆదివారం మళ్ళీ వస్తానని, ఇద్దరం కలిసి రేపల్లె వెళ్ళి ఇద్దామని. ఎవరికోసం తెచ్చామో వాళ్ళు చదివేదాకా మేం చదవం. పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడ్డానికి మాత్రం అతనొకసారి తిరగేశాడట. అప్పుడే రెండు కాగితాలు చేతిలోకి వచ్చేశాయి. ఎండలకి జిగురు పెళుసెక్కింది. అయిదేళ్ళు ఆగిన మనిషికి ఇలా రాలిపోయే పుస్తకం ఇవ్వడం బాగుండదనిపించింది నాకు. అనిపించకుండా ఉండాల్సింది.

బుధవారం పుస్తకం తీసుకుని మా ఆఫీసు దగ్గరి బైండింగ్ షాపుకి వెళ్ళాను. కాలేజీ పిల్లల రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు కట్టే షాపు అది. ఆయన పనిమంతుడు. కట్టిన పుస్తకాన్ని నేలకేసి కొట్టి చూపించి మరీ ఇస్తాడు.

"ఇది తిరగేసి చదివే పుస్తకమండి" అన్నాను. "మామూలు పుస్తకం లాగా కట్టేరు. తిరగేసే కట్టాలి. గుర్తుంచుకోండి."

"తిరగేసే కడతానండి. మీకెందుకు, నిశ్చింతగా ఉండండి."

మర్చిపోకుండా ఒక చీటీ మీద 'తిరగేసి' అని రాసి పుస్తకంలో పెట్టాడు. నేను నిశ్చింతగానే ఉన్నాను, శుక్రవారం సాయంత్రం దాకా.

శుక్రవారం ఆయన పుస్తకాన్ని నేలకేసి కొట్టి నా చేతికిచ్చాడు. ఒక్క కాగితం కదల్లేదు. అట్ట మీద కొత్త మెరుపు. తెరిచాను. శుభలేఖ తెరిచినంత సులువుగా, మన తెలుగు పుస్తకాలు ఎటు తెరుచుకుంటాయో అటు తెరుచుకుంది.

ఆయన చేసింది ఇదీ. పుస్తకం కుట్టు కుడివైపు ఉంది. ఆయన లెక్కలో కుట్టు ఉండాల్సింది ఎడమవైపు. పైగా నేను తిరగేయమన్నాను. అందుకని కుడివైపు కుట్టుని మిషన్ కింద పెట్టి నున్నగా కోసేసి, ఎడమ అంచుకి జిగురు రాసి, అట్ట తిప్పి వేశాడు. కోసేసిన మేర చిటికెన వేలి మందం ఉంటుంది.

చివరి పేజీల దగ్గర రెండు పేజీల మీద పరుచుకున్న పెద్ద బొమ్మ ఒకటి కనిపించింది. ఎడమ పేజీలో పోస్ట్‌మాన్ ఎడమవైపుకి చెయ్యి చాచి ఉన్నాడు. అటు పుస్తకం అంచు, ఆ పైన బైండింగ్ షాపు. కుడి పేజీలో ఒక ముసలావిడ కుడివైపుకి రెండు చేతులూ చాచి ఉంది. బస్సులో సీటు దగ్గర మాటా మాటా అనుకున్నవాళ్ళలాగా ఒకరికొకరు వీపులు పెట్టుకుని నిలబడ్డారు. రెండు పేజీల్నీ మనసులో అటూ ఇటూ మార్చి చూసుకుంటే సంగతి తెలిసింది. ఆయన ఆవిడకి ఉత్తరం అందిస్తున్నాడు. ఆ ఉత్తరమే. అది సరిగ్గా రెండు పేజీల నడుమ, పాత కుట్టు దగ్గర ఉండేది. ఇప్పుడు ఆయన వైపు మూడు వేళ్ళు, ఆవిడ వైపు రెండు గోళ్ళు మిగిలాయి.

"బాగుందాండి?" అన్నాడాయన.

"తిరగేసి కట్టమన్నాను కదండీ."

"తిరగేసే కట్టాను కదండీ. వచ్చినప్పుడు తప్పువైపు ఉంది. అంత మంచి కాయితానికి ఆ గతి పట్టిందేంటా అని నాకే బాధేసింది."

ఆయనన్న దాంట్లో తప్పులేదు. పుస్తకం తిరగేశానంటే చదివినట్టూ కాదు, చదవనట్టూ కాదు. అట్టు తిరగేస్తే మంచిది, మాట తిరగేస్తే చెడ్డది. ఇన్ని పనులు చేసే మాటని పట్టుకెళ్ళి కత్తెర ఉన్న మనిషి చేతిలో పెట్టింది నేను.

"కత్తిరించిన ముక్కలు ఎక్కడున్నాయండి?"

గోనెసంచి చూపించాడు. పదిహేను నిమిషాలు వెతికాను. ఎవరిదో జువాలజీ రికార్డులోంచి కప్పకాలు ఒకటి దొరికింది. ఉత్తరం దొరకలేదు. ఆయనకి జాలేసినట్టుంది.

"కుడివైపు కట్టేది పక్క వీధిలో సాయిబుగారండి. ముందే చెప్తే అటే పంపేవాణ్ణి కదా."

నడుస్తూ బాపట్లకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అటువైపు షాపులో ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు, ఇచ్చి పంపాడు.

"మావా, ఆవిడ ఆదివారానికి సెలవు పెట్టింది" అన్నాడు.

"ఆదివారం సెలవే కదా."

"ట్యూషన్లకి పెట్టింది."

సాయిబుగారు ఉర్దూ వాచకాలు, ప్రార్థన పుస్తకాలు కట్టే పెద్దాయన. నేను వివరించబోయేలోగా పుస్తకం అందుకుని, నాలుగు పేజీలు చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఇది ఉర్దూ కట్టు కదా బాబూ. తెలుగు కట్టు కట్టారేంటి?"

ఉర్దూ కట్టు, తెలుగు కట్టు. పక్క వీధిలో ఈ మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి. డిగ్రీ చదివిన నేను ఆ రెండు ముక్కల బదులు నాలుగు వాక్యాలు వాడి వచ్చాను.

"మళ్ళీ ఉర్దూ కట్టు చేయగలరాండి?"

"చేస్తాను. కానీ ఇంకోసారి కొయ్యకూడదు, కోస్తే బొమ్మలు పోతాయి. పోయినంత మేర ప్రతి కాయితానికీ తెల్ల పట్టీ అతికించి, దాని మీద కుడతాను. కొలతకి కొలత వస్తది."

"లోపల పోయిన బొమ్మ?"

"అది నేను తేలేను బాబూ."

శనివారం సాయంత్రానికి ఇచ్చారు. పట్టీలు అతికించినట్టు వేలితో తడిమినా తెలియదు. మామూలు పేజీల్లో అది మార్జిన్‌లో కలిసిపోయింది. ఆ పెద్ద బొమ్మలో మాత్రం ఇద్దరి మధ్యా పైనుంచి కిందిదాకా తెల్లటి చార. ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డారు, అంతవరకు నయం.

ఆదివారం రేపల్లె ఆవిడ మా ముందు కాఫీ పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి అలా చదువుకోవడం మర్యాద కాదని ఆవిడకి తెలుసు. మాకూ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తలేదు. కుట్టు కొత్తదని గమనించి, "బాగు చేయించారా? ఎందుకండీ శ్రమ" అంది. నేను కాఫీ తాగాను. ముందే చెప్పేద్దామని రైల్లో అనుకున్నాను. గుమ్మంలో ఆవిడ రెండు చేతులతో పుస్తకం అందుకున్న తీరు చూశాక, చదివాక చెబుదామనుకున్నాను.

గంటన్నర తర్వాత ఆ బొమ్మ దగ్గరికి వచ్చింది. వచ్చినట్టు మాకు తెలిసింది, పేజీ తిరగడం ఆగిపోయింది కాబట్టి. బాపట్ల తన గ్లాసు అడుగు పరీక్షించడం మొదలుపెట్టాడు.

"చూశారా?" అంది. "ఉత్తరం గీయలేదు!"

"అవునాండి" అన్నాను.

"పదహారు పుస్తకాలు మోయించి, ఇచ్చే క్షణానికి ఆ చోటు తెల్లగా వదిలేశాడు! ఉత్తరం ముఖ్యం కాదు, ఇద్దరూ చేతులు చాచడమే ముఖ్యమని. ఎంత ధైర్యం ఉండాలండీ ఇలా వదిలెయ్యడానికి!"

"ధైర్యమేనండి" అన్నాడు బాపట్ల, నావైపు చూస్తూ.

నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పినది బాగుంది. ఆ సిరీస్ గురించి గ్రూపులో ఇంత మంచి మాట ఎవరూ అనలేదు. నేను నోరు మూసుకుంటే అది అలాగే ఉండిపోయేది. బాపట్ల చెప్పడు. ఊళ్ళో ఎవరికి ఏ జబ్బు ఉందో తెలిసి కూడా పాతికేళ్ళుగా పైకి అనని మనిషి. కానీ ఆవిడ ఫోన్ తీసింది.

"ఫొటో తీసి గ్రూపులో పెడతాను. ఇన్నాళ్ళూ నాకోసం నోరు కట్టుకున్నారు పాపం."

పదిహేడో సంపుటం ఫోన్లో చదివేసినవాళ్ళు గ్రూపులో ఇద్దరున్నారు. ఇద్దరూ మంచివాళ్ళే. అయినా నవ్వుతారు.

"ఆ తెల్లది ఆయన వదల్లేదండి" అన్నాను. "నేను వదిలించాను."

జిగురు దగ్గర్నుంచి గోనెసంచి దాకా చెప్పాను. రికార్డు ఎందుకు రాయలేదో చెబుతున్న విద్యార్థిని విన్నట్టు, మధ్యలో ఆపకుండా విన్నది.

"అయితే ఉత్తరం ఉండేదా?"

"ఉండేదండి."

"మీరు చూశారా?"

"నేను చూడలేదు. పేజీలు సరిచూసినప్పుడు బాపట్ల చూశాడు."

"ఉంది మేడం" అన్నాడు బాపట్ల, చేయగల సాయం ఇంకా మిగిలి ఉందన్న ఉత్సాహంతో. "పైన పేరు కూడా—"

"ఆగండి."

ఆగాడు. నోరు కాసేపు తెరిచే ఉంది.

"అయిదేళ్ళు ఆగింది మీ నోట వినడానికా?" అంది. ఆ తెల్ల చార మీద బొటనవేలు పెట్టి వెడల్పు చూసుకుంది. ఫోన్ బోర్లా పెట్టింది. మిగిలిన రెండు పేజీలూ చదివి పుస్తకం మూసింది.

"కోపం వచ్చిందాండీ?" అని అడిగాను.

"వచ్చింది. దానికి తర్వాత టైముంది."

లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు, ప్లాస్టిక్ కవరు చింపుతున్న చప్పుడు వినిపించాయి. పద్దెనిమిది తెచ్చుకుని, అదే కుర్చీలో, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"ఉత్తరం ఆ ముసలావిడకి అందింది కదా. అందినాక చదవకుండా ఉంటుందా? ఇందులో చదువుతుంది" అంది, మాతోనో పుస్తకంతోనో.

కాసేపయ్యాక వెళ్ళొస్తామన్నాం. తలెత్తలేదు. మేమే గ్లాసులు వంటింట్లో పెట్టి, గేటు గడియ చప్పుడు కాకుండా వేసి, స్టేషనుకి నడిచాం.