టక్కుమనే ట్రాము

మా ముత్తాతను ఊళ్ళో అందరూ గుర్రాలాయన అనేవారు. రేవు నుంచి కొండ మీది బజారు దాకా గుర్రాల ట్రాము తోలేవాడు. కరెంటు ట్రాము వచ్చాక కంపెనీ గుర్రాలను అమ్మేసి, ఆయన చేతికి కొత్త బండిని నడిపే ఇత్తడి పిడి ఒకటి ఇచ్చింది. ఆయన ఆ పిడిని కూడా ప్రేమగా నిమిరి, గుర్రాలను అదిలించినట్టే నాలుకతో టక్కుమనిపించి గాని బండి కదిలించేవాడు కాదు.

బండి బాగానే కదిలేది. ఎక్కేవాళ్ళే లేరు. పైన తీగలోని కరెంటు కింద కూర్చున్నవాళ్ళ ఒంట్లోకి దిగిపోతుందని ఊరంతా ఒకటే గుసగుస.

"ఈ వారం కూడా ఖాళీగా తిరిగితే బండి షెడ్డుకి, నువ్వు ఇంటికి," అన్నాడు మేనేజరు.

ఆయన వెళ్ళి ముత్తవ్వను బతిమాలాడు.

"నా పెళ్ళానివి, నువ్వే ఎక్కకపోతే ఊళ్ళోవాళ్ళు ఎక్కుతారా?"

"నీ బండిలో నువ్వే ఊరేగు. పసిదాన్నెత్తుకుని నేను రాను."

ఆ పసిది మా అమ్మమ్మ. పళ్ళొస్తున్నాయని రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. ఓ మధ్యాహ్నం ముత్తవ్వకు ఓపిక నశించింది. తీగ సంగతి కూడా మరిచిపోయి, ఆగి ఉన్న ట్రాములోకి దూసుకొచ్చింది.

"ఇదిగో నీ కూతురు! నువ్వే ఎత్తుకో!"

"ఓ చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్రేకు. దేంతో ఎత్తుకోనే?" అంటూ ఆయన బండి కదిలించేశాడు.

ముత్తవ్వ తిట్టబోయి బెంచీ మీద కూలబడింది. బండి ఊపుకు, రేవు రాకముందే పాప నిద్రపోయింది.

"దిగు, రేవొచ్చింది."

"దిగితే లేస్తుంది. మాట్లాడకుండా వెనక్కి పోనీ."

మర్నాడు పక్కింటావిడ అడిగింది. "కరెంటు కొట్టలేదా వదినా?"

"కొడితే ఇది నిద్రపోతుందా?"

రెండ్రోజుల్లో బండి నిండా చంటిపిల్లల తల్లులే. వారం చివర మేనేజరు వచ్చి, నిలబడ్డానికి కూడా చోటు లేక ముత్తాత పక్కన ఇరుక్కున్నాడు. మలుపులో కూలీలు మూటలతో పట్టాల మీద నడుస్తున్నారు.

"గంట కొట్టవయ్యా!"

"కొట్టావంటే చూడు!" వెనక నుంచి ముత్తవ్వ.

ఆయన బండిని నడక వేగానికి దించి, నాలుకతో టక్కుమనిపించాడు. ఏళ్ళ తరబడి వీపు వెనక విన్న చప్పుడే కదా, కూలీలు తల కూడా తిప్పకుండా పక్కకు జరిగారు.

మేనేజరు తిట్టడానికి నోరు తెరిచాడు. "ఉష్!" అంది బండి మొత్తం.

రేవు దగ్గర దిగుతూ, మేనేజరు ముత్తాత చెవిలో గొణిగాడు.

"ఇంకో బండి వేస్తాను. దాన్ని తోలేవాడికి కూడా ఆ టక్కు నేర్పు."