కండ్లు మూసుకొని తిన్న గారె

శక్కెర ముట్టనని పెండ్లాం మీద ఒట్టేసుకున్నోని నోట్లె నలుగురు కలిసి శక్కెర పోస్తే ఎట్లుంటదో మీకెర్కనా? నాకు మొన్న దసరాకు ఎర్కయింది. నవ్వకుండ్రి, ముందు ఇనుండ్రి!

నేను చేసేది తుర్కపల్లిల ఫార్మా ల్యాబుల గద. పండగకు ముందు హెల్త్ చెకప్ పెట్టిర్రు. రిపోర్ట్ చూసి డాక్టర్ మేడం అన్నది, "షుగర్ బార్డర్‌లో ఉన్నారు. పండగ తెల్లారి మళ్లీ టెస్ట్ చేద్దాం. పెరిగితే ఇక గోలీలే." గోలీల తర్వాత సూదే గద! మా నాయిన రోజూ పొట్టకు ఇన్సులిన్ సూది పొడుచుకుంటుంటే చూసుకుంట పెరిగిన నేను. గా సూదంటే నాకు నిజంగ భయం.

గదే వారం ఆఫీసుల 'మైండ్‌ఫుల్ ఈటింగ్' అని ఒక క్లాసు. సారు మస్తు చెప్పిండు. ముద్ద నోట్లె పెట్టుకోవాలె, కండ్లు మూసుకోవాలె, నీళ్లయ్యేదాక నమలాలె. నడుమ మాట్లాడొద్దు. ఊపిరి గట్టిగ తీయాలె. వండినోళ్లకు మనసుల దండం పెట్టి చిన్నగ నవ్వాలె. గిట్ల తింటే కొంచెంతోనే కడుపు నిండుతదట. తలా ఒక కిస్మిస్ ఇచ్చి ప్రాక్టీస్ చేపిచ్చిండు. నా కిస్మిస్ నమిలి అయ్యేసరికి పక్క సీటాయన గురక పెడుతుండు!

దసరాకు శామీర్‌పేటల మా అత్తగారింటికి పోయినం. ముందు దినం రాత్రే స్వరూప, అంటే నా పెండ్లాం, "అమ్మకు చెప్తనయ్యా నీకు షుగరని" అన్నది.

"ఖబర్దార్! గీ వయసుల అల్లునికి షుగరంటే ఇజ్జత్ ఏముంటది? నేను మేనేజ్ జేస్త."

గా మేనేజ్ జేసుడే కొంప ముంచింది.

ముందు మామయ్య కల్లు లొట్టి దించిండు. వద్దంటే ఊకుంటడా? గ్లాసు పట్టుకున్న. మనోళ్లు తాగేముందు పెద్దల పేరు మీద నాలుగు చుక్కలు సాక పోస్తరు గద, నాకు గాడ ఐడియా తట్టింది. తాత పేరు చెప్పి ఇంత పోసిన. ముత్తాత పేరు చెప్పి ఇంకింత. గ్లాసు ఖాళీ! లోపల మురుస్తున్న. మామయ్యకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. "పెద్దలంటే గింత భక్తి ఉన్న అల్లుడు దొరుకుతడా!" అని మళ్ల నిండ పోసిండు. తాత తమ్ములను, మేనత్తలను, ఎవ్వరిని ఇడిచిపెట్టలే. వాకిలంత బురదయింది. ఒక కోడి వచ్చి గా బురదల ముక్కు పెట్టి, లేచి, గోడకు తల తాకిచ్చుకుంది.

ఈడ మీకొక ముచ్చట చెప్పాలె. పోయినేడు పెండ్లి పందిట్లె మా అత్తమ్మ తమ్మునికి షుగర్ డౌనయి కండ్లు మూతలు పడ్డయి. అత్తమ్మ జల్దీ నోట్లె శక్కెర పోసింది. లేచి కూసున్నడు. మేడ్చల్ల డాక్టరు "నీ వల్లనే బతికిండమ్మా" అన్నడట. గప్పటిసంది గా వాడకు మా అత్తమ్మనే సగం డాక్టరు.

సరే, తిననీకె కూసున్నం. బగారన్నం, మటన్, చెరువు చేపల పులుసు, గారెలు, గర్జెలు. స్వరూప దోస్తును చూసొస్తనని పక్కింటికి పోయింది. నేను ఒక్క గారె తీసుకొని మటన్ షోరువల ముంచిన. నోట్లె పెట్టుకున్న. కండ్లు మూసుకున్న. అబ్బ, ఏం రుచి! నిజంగనే మెల్లగ తింటుంటే అల్లం, మిరపకాయ అన్ని తెలుస్తున్నయి.

"బావా, ఏమైంది?" బామ్మర్ది రమేషు గొంతు.

నడుమ మాట్లాడొద్దు గద. ఆగుమని చెయ్యి లేపిన.

"అమ్మా! బావ చెయ్యి వంకర పోతాంది!"

ఊపిరి గట్టిగ తీసిన.

"ఎగపోస్తుండే! ఊపిరాడుత లేదు!"

సారు చెప్పినట్టు అత్తమ్మకు మనసుల దండం పెట్టి చిన్నగ నవ్విన.

"అయ్యో, ఉత్తగనే నవ్వుతుండే! మెదడుకెక్కింది!"

గప్పుడు అత్తమ్మ కేక ఇనబడ్డది. "షుగర్ డౌనయింది రా! శక్కెర డబ్బ తే!"

ఈమెకు నా షుగర్ సంగతి ఎట్లెర్క? గది ఆలోచిస్తుండంగనే దౌడలు పట్టి నోరు తెరిచిర్రు. సగం నమిలిన గారె మీద పిడికెడు శక్కెర! "నాకేం గాలే" అందామని నోరు తెరిస్తే "బ్బ బ్బ" అనొచ్చింది.

"మాట పడిపోయింది!" అని మామయ్య బోరుమన్నడు.

ఇగ చూడుండ్రి! పక్కింటి అవ్వ కూల్‌డ్రింక్ సీసతోటి ఉరికొచ్చింది. ఎవరో సేమియా పాయసం తెచ్చిర్రు. రమేషు గర్జెలు పగలగొట్టి లోపలి తీపి ఒక్కటే తీసి నోట్లె కుక్కుతుండు. నేను తల ఊపితే "ఇంకింత కావాల్నట" అంటున్నరు! ఎవని మొకం చూసి లేచిన్నో గాని, గా తలుపు కాడ స్వరూప కనబడ్డదాక నా బతుకు పాయసమే.

"అమ్మా, ఆగుండ్రే! ఏందయ్యా గిది?"

అంత మింగి అప్పుడు చెప్పిన. "మైండ్‌ఫుల్ ఈటింగ్."

అత్తమ్మ శక్కెర డబ్బ కింద పెట్టి, లోపలికి పోయి ఒక గిన్నె తెచ్చింది. మూత తీస్తే జొన్నరొట్టెలు, తోటకూర.

"పొద్దుగాలే స్వరూప ఫోన్ల చెప్పింది బిడ్డా. నీకోసమే చేసిన. నలుగుట్ల అడిగితే సిగ్గుపడుతవని ఊకున్న. నువ్వే అడుగుతవని చూసిన. ఒక్క మాట అంటే అయిపోతుండె గద!"

నాకు ఏడుపొచ్చింది. కూసొని రొట్టె తుంచుకున్న. గని అప్పటికే కడుపుల జాగ యాడిది?

తెల్లారి క్యాబెక్కి పోయి రక్తమిచ్చిన. డాక్టర్ మేడం రిపోర్ట్ చూసింది, నన్ను చూసింది, మళ్ల రిపోర్ట్ చూసింది.

"పండగకి ఏమైనా కంట్రోల్ చేశారా?"

"మస్తు చేసిన మేడం. కల్లు చుక్క ముట్టలే. గారె ఒక్కటే, అది గూడ సగమే నమిలిన."

"మరి ఇంత ఎలా పెరిగింది?"

"కండ్లు మూసిన మేడం."