ఉరుకుందప్ప కారూ, కృష్ణవేణమ్మ చెవులూ

మా మేనమామ ఉరుకుందప్పకు ఒకటే జబ్బు. ఏ కారులో ఏ శబ్దం వచ్చినా, అది ఎక్కడ పుట్టిందో తేల్చేదాకా ఆయనకు అన్నం దిగదు. నందికొట్కూరు బజారులో ఎవరితోనో మాట్లాడుతూ ఠక్కున ఆగిపోయాడంటే, దగ్గర్లో ఏదో పాత కారు మలుపు తిరుగుతోందన్నమాట. దాన్ని ఆపించి, కిటికీలో తల పెట్టి, "తిప్పినప్పుడు టకటకమంటాంది, ముందు చక్రం జాయింటు పోయిందప్పా" అని చెప్పాకే మనవైపు తిరుగుతాడు.

నా పెళ్లి ఊరేగింపు కారునూ వదల్లేదు. బ్యాండు ఆపించి, కారును ముందుకూ వెనక్కూ కదిలించమన్నాడు. గేరు మారినప్పుడల్లా అడుగున ఠంగుమంటోంది. వెనక చక్రాలకు పోయే షాఫ్టు జాయింటు అరిగిందని అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. పెళ్లయ్యాక మా ఆవిడ శివలీల నాతో అన్న మొదటి మాట, "మీ ఇంట్లో ఇట్లాంటోళ్లు ఇంకెంతమంది ఉండారు?" అని.

ఇక ఆయన సొంత కారు సంగతి. అదొక ముసలి తెల్ల కారు. అందులో ఎక్కినవాళ్లు మాట్లాడకూడదు, పాడకూడదు, బొరుగులు నమలకూడదు. శబ్దం వినాలి, అంతే.

పోయినేడు ఆ కారు వెనక ఏదో సన్నగా కూస్తోందని మొదలుపెట్టాడు. నడిపేవాడికి వెనక సంగతి సరిగా వినపడదట, వెనక సీట్లో ఇంకొకరు కావాలట. నేను కూర్చుంటానన్నాను. పనికిరావన్నాడు. నేరుగా పక్కింటి కృష్ణవేణమ్మ దగ్గరికి పోయాడు.

ఆమెకు చూపు మందగిస్తోంది. నెలనెలా కర్నూలుకు పోయి కంట్లో సూది వేయించుకోకపోతే ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పాడు. బస్సు బోర్డు కనపడక ఆమె పోవడమే మానేసింది. ఎవరు తీసుకుపోతామన్నా, ఒకరి మీద భారం కానంటుంది.

"నీ చెవులు గట్టివక్కా. కర్నూలు దాకా వెనక కూర్చోని, ఆ కూత యాడ్నుంచి వస్తాండాదో చెప్పు. శానా సాయం చేసినదానివైతావు" అని బతిమాలాడు మామ. సాయం చేసేది తానే కాబట్టి ఆమె ఎక్కింది. కర్నూలులో ఇంజను చల్లారాలంటూ ఆయన కారును సరిగ్గా కంటి ఆసుపత్రి ముందే ఆపాడు. చల్లారేలోపు ఆ సూదేదో వేయించుకొని రమ్మన్నాడు.

ఆ కూత నెలనెలా చోటు మారుతూ వచ్చింది. ఒకసారి ఎడమ చక్రం, ఒకసారి కుడి చక్రం. నాకు విసుగొచ్చి, దాన్ని బాగుచేయవేమని మెకానిక్ హెన్రీని నిలదీశాను.

హెన్రీ నవ్వాడు. "ఆ కారు వెనక ఏ శబ్దమూ లేదన్నా. ఆ మాటే మామతో అంటే నన్ను నోరు మూసుకోమన్నాడు."

మొన్న వేసవిలో కర్నూలుకు నేనూ తోడుపోయాను. చూపు నిలబడిందనీ, కాస్త మెరుగైందనీ డాక్టరు చెప్పాడు. తిరుగుదారిలో కృష్ణవేణమ్మ కనపడిన బోర్డునల్లా పైకి చదువుతూనే ఉంది. మామ ఆమెను ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు. బ్రాహ్మణకొట్కూరు దాటాక ఉన్నట్టుండి ఆమే కారు ఆపమంది.

"క్లచ్చి తొక్కితే గరగరమంటాంది, వదిల్తే నిలిచిపోతాంది. ఇన్ని నెలలూ లేని శబ్దం వినమంటివి. ఉన్నది నీకు వినపళ్లేదా అప్పా?"

మామ క్లచ్ తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. నిజమే. క్లచ్ బేరింగు పోతోంది. శబ్దాల విషయంలో ఆయన్ను ఓడించినవాళ్లు అంతకుముందు లేరు. మామ అద్దంలో ఆమెను చూసి, స్టీరింగు మీద తల వాల్చి, కడుపు పట్టుకొని నవ్వాడు.

కారు నేరుగా హెన్రీ షెడ్డుకు పోయింది. కృష్ణవేణమ్మకు కుర్చీ వేయించి, ఇది కనిపెట్టింది అక్కేనని మామ అక్కడున్న అందరికీ చాటాడు. హెన్రీ గేరుబాక్సు దించి బేరింగు బయటికి తీశాడు. ఆమె దాన్ని అందుకొని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఈ పక్క సన్నగా గీతలు పడిండాయి, సూడు."

మామ వంగి చూశాడు. కళ్లు చిట్లించాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఆయనకు గీతలు కనపడలేదు.

"వచ్చే నెల నువ్వూ కండ్లు చూపిచ్చుకో ఉరుకుందూ" అంది కృష్ణవేణమ్మ. "భయపడొద్దు, నేను తోడొస్తా."