పలక మీద లాజరు

అమ్మ సమాధికి బొమ్మ తానే చెక్కుతానని నాయన పట్టుబట్టాడు. మార్కాపురం పలకల గనుల్లో బతుకంతా పనిచేసి, దుమ్ము మింగి, దగ్గు తెచ్చుకున్న మనిషి. వద్దంటే వినే రకం కాదు.

చూసి చెక్కాల్సిన బొమ్మ మా ఇంట్లోనే ఉంది. దొరలు మిషన్ బంగళా ఖాళీ చేసేటప్పుడు అక్కడ వంట చేసిన నాయనమ్మకు ఒక పాత పుస్తకం ఇచ్చారు. అందులో అన్నీ బైబిలు కథల బొమ్మలే. వందల ఏళ్ళ కిందట ఐరోపాలో రాగిరేకుల మీద సన్నటి గీతలు చెక్కి అచ్చు వేసినవి. మెలితిరిగిన ఒళ్ళు, ఎగిరిపడే బట్టలు, సగం పేజీ చీకటి. చిన్నప్పుడు వాటిని చూస్తే నాకు వణుకు. అమ్మకు మాత్రం లాజరు బొమ్మంటే ప్రాణం. చనిపోయిన లాజరు, ప్రభువు పిలిస్తే నల్లటి గుహలోంచి లేచి వస్తుంటాడు. వెలుగంతా అతని ముఖం మీదే. మంచం పట్టాక అమ్మ రోజూ ఆ పేజీ తీయించుకునేది.

"నన్ను గూడా ఇట్లనే పిలుస్తాడు" అనేది.

"నేను పిలిస్తేనే పలకవు, ఆయన పిలిస్తే లేస్తావా?" అని నాయన ఆటపట్టించేవాడు.

అమ్మ పోయాక నాయన వాకిట్లో పెద్ద పలక పెట్టుకుని, దగ్గుకు ఆగుతూ, పుస్తకంలోని ఒక్కో గీతా ఉలితో దించాడు. పని అయ్యేదాకా నన్ను దగ్గరికి రానివ్వలేదు. అయ్యాక దుమ్ము ఊది, గోడకు ఆనించి పిలిచాడు.

దగ్గరికి పోయి వంగి చూశాను. కాగితం మీద గీత నలుపు, పలక మీద గీత తెలుపు. గీతలు కిక్కిరిసిన గుహ తెల్లగా వెలుగుతోంది. గీతలే లేని లాజరు ముఖం పలకంత నల్లగా ఉంది. పలకల మీదే బతికిన వాళ్ళం, ఈ సంగతి ముందుగా ఇద్దరికీ తట్టలేదు.

"ఏంది పాపా, బయటికి వస్తున్నట్టు లేడే. లోపలికి పోతున్నట్టుండాడు."

"ఇంకో పలక తెస్తాను నాయనా. ఈసారి వెలుగున్న చోటే గీయి."

"అంత ఊపిరి యాడుంది?" అన్నాడు. లాజరు ముఖం మీద వేలు పెట్టి, "ఇదే ఉండనీ. మీ అమ్మ లోపలికి పోవడమే నేను చూసినా. ఎవురూ పిలవంగా వినలా" అన్నాడు.

నాకు దేవుడి మీద కోపం వచ్చింది. నాయన మీద రాలేదు.

ఆ పలకే పాతించాం. ఆదివారం చర్చి అయ్యాక నాయన తువ్వాలు తడిపి దాన్ని తుడుస్తాడు. తడికి గీతలు మాయమై, గుహా లాజరూ ఒకటే నలుపవుతాయి. ఆరి మళ్ళీ కనిపించేదాకా నాయన అక్కడే కూర్చుంటాడు.